స్ప్లెండర్ మీద విజయవాడ 837: బైక్ రేడియో పని డైరీ

మొదటి దశ: శాటిలైట్ ఎందుకు కాదు

నా హీరో స్ప్లెండర్ బైక్ మీద ఆకాశవాణి విజయవాడ (837 కిలోహెర్ట్జ్) వినడానికి రేడియో కట్టిన డైరీ ఇది. బైక్‌కి శాటిలైట్ రేడియో పెట్టాలని దిగేవాళ్ళు డబ్బు తీసేముందు ఈ పేరా చదవండి. మన నెత్తిన అలాంటి ప్రసారం ఇప్పుడు లేదు. ఒకప్పుడు వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో కంపెనీ ఉండేది. దాని ఏసియాస్టార్ ఉపగ్రహం 2000లో పైకెళ్ళింది. 105 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలబడి 1,467–1,492 మెగాహెర్ట్జ్ బ్యాండులో పాడేది. నెల్లూరు నుంచి లెక్క కడితే తూర్పు ఆగ్నేయంగా, దాదాపు 56 డిగ్రీల ఎత్తున ఉంటుంది. చెట్లూ మేడలూ అడ్డం రాని హైవే మీద బైక్‌కి అంతకన్నా అనువైన కోణం దొరకదు. కానీ కంపెనీ 2008లో దివాలాకెళ్ళింది, 2009 డిసెంబర్ 31తో ఇండియాలో ప్రసారం ఆగిపోయింది. పాత సామాన్ల కొట్లో ఆ రిసీవర్ కనబడితే ముచ్చటపడి తెచ్చుకోవద్దు. పైనుంచి దానికి వచ్చేదేమీ లేదు.

అమెరికాలో గోల్డ్‌వింగ్ బైక్‌లకి పెట్టుకునే సిరియస్ ఎక్స్‌ఎం శాటిలైట్ రేడియో 2.3 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది. దాని ఉపగ్రహాలు ఉత్తర అమెరికాకే పాడతాయి, ఆ పెట్టె ఇక్కడికి తెప్పించినా మూగదే. డీడీ ఫ్రీ డిష్‌లో ఆకాశవాణి ఛానళ్ళు ఉన్న మాట నిజమే. కానీ 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 ఉపగ్రహం వైపు డిష్ రెండు మూడు డిగ్రీలు పక్కకి తిరిగినా బొమ్మా ఉండదు, మాటా ఉండదు. గుంతల రోడ్డులో దాన్ని గురిపెట్టి ఉంచేదెట్టా?

ఫోన్‌లో ఆకాశవాణి యాప్ ఉంది, డేటా ఉన్నంతసేపూ అది చాలు. నాకు కావలసింది డేటా లేనప్పుడు కూడా పనిచేసేది. కార్తీక మాసంలో వాయుగుండం అంటే ఈ తీరంలో పని మీద తిరిగేవాడికి వార్త అవసరం. అందుకని మీడియం వేవ్ (రేడియో బోర్డుల మీద ఏఎం అని ఉండేది), దానికి తోడు ఎఫ్‌ఎం. విజయవాడ 837 కిలోహెర్ట్జ్, కడప 900, హైదరాబాద్ 738, పరీక్షకి మాత్రం చెన్నై 720.

ఎఫ్‌ఎం ఒక్కటే చాలదా అంటే, అది చూపు మేరకే వస్తుంది. 100 మీటర్ల టవరు, మీటరు ఎత్తున ఏరియల్ అనుకుంటే లెక్క ప్రకారం 45 కిలోమీటర్లు. నెల్లూరు ఎఫ్‌ఎం కావలి దగ్గరికొచ్చేసరికి గరగరలాడుతుంది. ఉదయగిరి వైపు కొండలు అడ్డం వస్తే ఇంకా ముందే పోతుంది. మీడియం వేవ్ నేలనంటుకుని వస్తుంది, ఉప్పునీటి మీద ఇంకా బాగా వస్తుంది. రామాయపట్నం, మైపాడు వైపు తీరం రోడ్లలో చెన్నై పగలే వినబడటానికి కారణం అదే.

రెండో దశ: రేడియో వచ్చింది, రేడియో ఒక్కటే రాలేదు

మొదట కట్టింది ఇదీ:

1. ఎస్‌ఐ4735 రిసీవర్ బోర్డు. ఇది ఏఎం, ఎఫ్‌ఎం రెండూ పడుతుంది. సిగ్నల్ బలం ఎంత, నాయిస్ మీద సిగ్నల్ ఎంత పైన ఉంది అనే రెండు అంకెలు ఇదే చెబుతుంది. ఈ డైరీలో కొలతలన్నీ దాని నోటి నుంచి వచ్చినవే.
2. రిసీవర్‌ని కోడ్‌తో నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో ప్రో మినీ, 3.3 వోల్టుల రకం. 5 వోల్టుల నానో తగిలించొద్దు. ఎస్‌ఐ4735 సిగ్నల్ కాళ్ళు 3.6 వోల్టులకి మించి ఓర్చుకోవు.
3. చిన్న ఓఎల్‌ఈడీ తెర.
4. పీఏఎం8403 యాంప్లిఫయరు, హ్యాండిల్ మీద స్పీకరు.
5. 12 వోల్టుల్ని తగ్గించడానికి ఎల్‌ఎం2596 బోర్డు.
6. పాత పాకెట్ రేడియోలోంచి తీసిన ఫెరైట్ రాడ్, అంటే తీగ చుట్టిన మీడియం వేవ్ ఏరియల్.

రాడ్ మీది చుట్ట ఇండక్టెన్స్ కొలిస్తే 600 మైక్రోహెన్రీలకి పైగా చూపింది. ఈ చిప్‌కి 180 నుంచి 450 మధ్య ఉండాలి. చుట్లు విప్పుకుంటూ 330కి తెచ్చాను. కోడ్‌లో ఏఎం స్టెప్ (ఒక నంబరు నుంచి పక్క నంబరుకి దూకే దూరం) 9 కిలోహెర్ట్జ్‌గా మార్చండి. నెట్‌లో దొరికే నమూనాల్లో చాలావాటిలో అది 10 ఉంటుంది, అలా వదిలేస్తే 837 మీదకి ఎన్నటికీ రారు.

ఖర్చు, రూపాయల్లో: రిసీవర్ 780, ప్రో మినీ 260, ఓఎల్‌ఈడీ 230, పీఏఎం 40, ఎల్‌ఎం2596 70, రాడ్ 90, స్పీకరు 150. మొత్తం 1,620.

ఒంగోలు దాటి కొత్తపట్నం రోడ్డులో కరెంటు తీగలు దూరంగా ఉన్న చోట బండి ఆపి, ఇంజను ఆపి, 9 వోల్టుల విడి బ్యాటరీ మీద 837 పెడితే:

- బలం 41, నాయిస్ మీద 17. పాడిపంటలు కార్యక్రమం మాట మాటా తెలుస్తోంది.

అదే రేడియోని బండి కరెంటుకి కలిపి ఇంజను ఆన్ చేస్తే:

- బలం 52, నాయిస్ మీద 0, అప్పుడప్పుడూ 1.

ఈ జంట అంకెల దగ్గర కాస్త ఆగండి. ఇంజను వేయగానే బలం పెరిగింది! చిప్‌కి ఆకాశవాణి ఏదో, స్పార్కు ఏదో తెలియదు. ఏది వచ్చినా బలంలో కలిపేస్తుంది. కాబట్టి బలం అంకె చూసి మురిసిపోవద్దు. రెండో అంకె 10 దాటితే మాట అర్థమవుతుంది, 5 లోపుంటే తలనొప్పి. ఇక్కణ్ణుంచి నేను రెండో అంకె ఒక్కటే రాస్తాను.

మూడో దశ: మోతని విడదీయడం

మోత ఒకటి కాదు, మూడు కలిసి ఉన్నాయి. విడదీసే పద్ధతి ఇది. సెంటర్ స్టాండ్ మీదే చెయ్యండి, రోడ్డు మీద వద్దు.

1. ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, రేడియోని బండి కరెంటు మీద నడపండి. ఇప్పుడొచ్చే మోత మీ సొంత బోర్డులది.
2. రేడియోని విడి బ్యాటరీకి మార్చి ఇంజను వేయండి. ఇప్పుడొచ్చేది గాల్లోంచి రాడ్‌లోకి దూకుతున్న మోత. టకటకమంటూ యాక్సిలరేటర్‌తో పాటు వేగం పెరిగితే స్పార్కు.
3. మళ్ళీ బండి కరెంటు మీదకి మార్చండి. కొత్తగా కుయ్‌మని సన్నటి కూత కలిస్తే అది ఛార్జింగ్ వైపు నుంచి తీగల వెంట వస్తోంది.

ఒకటో పరీక్షలోనే సగం సంగతి తేలిపోయింది. ఇంజను ఆగి ఉన్నా కడప 900 మీద బుస్సుమనే గోడ. ఎల్‌ఎం2596 సెకనుకి లక్షా యాభై వేలసార్లు స్విచ్చవుతుంది, 150కి ఆరు రెట్లు 900. కడప స్టేషన్ మీదే వెళ్ళి కూర్చుంది. వేరే బోర్డు తెచ్చి పెడితే గోడ కాస్త పక్కకి జరిగిందేగానీ పోలేదు. బైక్‌లకమ్మే చవక యూఎస్‌బీ ఛార్జర్లలో ఉండేదీ ఇలాంటి స్విచ్చింగే. మీడియం వేవ్ వినాలంటే అది కూడా పీకెయ్యాలి, లేదా దానికో విడి స్విచ్ పెట్టాలి.

మార్పు: ఎల్‌ఎం2596 తీసేసి ఎల్‌ఎం317 వోల్టేజి రెగ్యులేటర్ పెట్టాను. 240 ఓములు, 390 ఓములు రెసిస్టర్లతో 3.28 వోల్టులు వస్తాయి. ఇది స్విచ్ అవదు, మిగిలిన వోల్టుల్ని వేడిగా మార్చి పారేస్తుంది, అంతే. రేడియో తాగేది 60 మిల్లీఆంపులు. 14.3 వోల్టుల దగ్గర వృథా అయ్యేది 0.66 వాట్లు. గాల్లో వదిలేస్తే ఆ పాటి వాట్లకే చిప్ చుట్టూ ఉన్నదానికన్నా 30 డిగ్రీలకి పైగా కాగుతుంది. రోహిణి కార్తెలో మూసిన డబ్బాలో అది ఎక్కడికి పోతుందో ఆలోచించండి. అందుకే అల్యూమినియం రేకుకి బిగించాను.

బ్యాటరీ దగ్గర మీటరు పెడితే: తాళం ఆపి 12.6, నెమ్మదిగా నడుస్తుంటే 13.2, రేజ్ చేస్తే 14.3. కరెంటు ఎక్కడ తీసుకోవాలో ఇక్కడ చెప్పాలి. హీరో బండ్ల వైరింగు హోండా పద్ధతి. అందులో నల్ల తీగ నెగటివ్ కాదు, తాళం తిప్పితే వచ్చే పాజిటివ్. ఎర్త్ ఆకుపచ్చ, ఎరుపు నేరుగా బ్యాటరీది. ఇంటి కరెంటు పని తెలిసినవాళ్ళు ఇక్కడే ఫ్యూజు పేల్చుకుంటారు. రంగుని నమ్మి తీగ కొయ్యొద్దు, మీటరుతో చూసి కొయ్యండి. నల్ల తీగ మీంచి 1 ఆంపు ఫ్యూజు, దాని తర్వాత ఎర్త్‌కి అడ్డంగా 1.5కేఈ18ఏ డయోడ్. బండి రెగ్యులేటర్ ఎప్పుడైనా వదులై వోల్టేజి ఎగిరితే దాన్ని ఈ డయోడ్ 25 వోల్టుల దగ్గర పట్టేస్తుంది.

ఇంజను ఆన్, 837: 0 నుంచి 4కి వచ్చింది.

ఖర్చు: ఎల్‌ఎం317, రెసిస్టర్లు, కెపాసిటర్లు 45, డయోడ్ 35, ఫ్యూజు హోల్డరు 40, తీగలూ లగ్గులూ 80. 200. మొత్తం 1,820.

నాలుగో దశ: స్పార్కు

ప్లగ్ క్యాప్ పీకి రెండు కొసలకీ మీటరు పెట్టాను. సున్నా ఓములు. ఎప్పుడో పాత క్యాప్ పగిలితే రోడ్డు పక్కన దొరికిన ఉత్త క్యాప్ ఎవరో తగిలించారు. మంచి క్యాప్‌లో 5 కిలో ఓముల రెసిస్టర్ ఉంటుంది. స్పార్కు పడే క్షణంలో తీగలో కరెంటు ఒక్క దెబ్బన ఎగరకుండా అది పట్టి ఉంచుతుంది. ఆ ఎగురుడే రేడియోలో టక్‌మని వినబడేది. ప్లగ్ కూడా చూసుకోండి, దాని నంబరులో ఆర్ అక్షరం ఉంటే సాధారణంగా రెసిస్టర్ ప్లగ్గే.

కావలిలో మెకానిక్ తమ్ముడికి నమ్మకం కుదరలేదు.

"రెసిస్టర్ పెడితే స్పార్కు తగ్గిపోద్ది గదన్నా. మైలేజీ పడిపోయిందని రేపు నన్నంటావు."

"కంపెనీ క్యాప్‌లో కూడా ఉండేది అదే రా అబ్బయ్యా. ఇది కొత్తగా కలిపింది కాదు, పోయింది తిరిగి పెడుతున్నాం."

"సరే, స్టార్టింగ్ ట్రబులొస్తే మాత్రం నా దగ్గరికి రాబాక."

స్టార్టింగ్ ఎప్పటిలాగే ఉంది, మైలేజీలో నాకు తేడా కనబడలేదు.

ప్లగ్‌కి పోయే హైటెన్షన్ తీగని ట్యాంకు కింద ఫ్రేముకి ఆనించి ట్యాగులతో బిగించాను. రేడియోకి పోయే కరెంటు తీగకి మోతని ఆపే రెండు క్లిప్ ఫెరైట్లు తగిలించి, ఒక్కోదాంట్లోంచి తీగని మూడేసి చుట్లు తిప్పాను. ఒక్క చుట్టు వేసి వదిలేస్తే తేడా దాదాపు లేదు, మూడు చుట్లతోనే ఆ సన్నటి కూత తగ్గింది.

837: 4 నుంచి 9. ఎఫ్‌ఎం మీద ఇంజను ఆపితే 28, వేస్తే 24. ఎఫ్‌ఎంకి స్పార్కుతో పెద్ద పేచీ లేదు, దాని పేచీ దూరంతోనే.

ఖర్చు: క్యాప్ 140, ప్లగ్ 120, ఫెరైట్లు 90. 350. మొత్తం 2,170.

ఐదో దశ: రాడ్ ఎక్కడ, ఎటు

ఈ దశలో ఒక పైపు ముక్క తప్ప ఖర్చు లేదు, దాన్ని ఏడో దశ లెక్కలో వేశాను. ఫలితం మాత్రం ముందు రెండు దశలకీ తీసిపోదు.

మొదట రాడ్‌ని ట్యాంకు మీద సంచిలో పెట్టాను. ట్యాంకు ఇనుము. రాడ్‌ని దాని మీద ఆనిస్తే ట్యూనింగూ మారిపోతుంది, సిగ్నలూ చచ్చిపోతుంది. ప్లగ్‌కి దగ్గర కూడా. వెనక క్యారియర్ మీద పీవీసీ పైపు ముక్కలో దూర్చి, ఇనుముకి జానెడు ఎత్తున నిలబెట్టాను. 9 కాస్తా 12 అయింది.

రాడ్ నుంచి రిసీవర్‌కి తీగ పొడుగైతే ఆ తీగే మోతని తాగుతుంది. కాబట్టి రిసీవర్ కూడా వెనక్కే వచ్చేసింది.

ఇక దిక్కు. ఫెరైట్ రాడ్ తన పక్కవైపు నుంచి వచ్చేది బాగా పడుతుంది, కొసల వైపు నుంచి వచ్చేదానికి చెవిటిది. నెల్లూరు నుంచి విజయవాడ దాదాపు ఉత్తరంగా, కాస్త తూర్పుకి. చెన్నై దాదాపు దక్షిణంగా. జాతీయ రహదారి 16 పోయేదీ అదే వరసలో. కాబట్టి రాడ్‌ని బండికి అడ్డంగా, హ్యాండిల్‌కి సమాంతరంగా పడుకోబెడితే గూడూరు నుంచి ఒంగోలు దాకా రెండు స్టేషన్లూ దాని పక్కలోనే ఉంటాయి. మొదట అందం కోసం పొడుగునా పెట్టి ఉంది. అడ్డం తిప్పగానే సింగరాయకొండ దగ్గర 6 ఉన్న చోట 12 వచ్చింది.

పొదిలి నుంచి మార్కాపురం దారిలో ఈ లెక్క తప్పుతుంది. అక్కడ బండి పడమటికి, కాస్త వాయవ్యంగా పోతుంది. అడ్డంగా ఉన్న రాడ్ కొస సరిగ్గా కడప వైపు చూస్తుంది, 900 మాయం. విజయవాడ కూడా ఏటవాలుగా తగిలి సగం పైన పోతుంది. పైపుని క్యారియర్‌కి ఒకే బోల్టుతో, రెక్క నట్టు పెట్టి బిగించాను. పొదిలిలో టీ తాగేటప్పుడు నట్టు వదులు చేసి రాడ్‌ని తిప్పుకుంటే సరి. మార్కాపురం దగ్గరపడ్డాక అక్కడి ఆకాశవాణి ఎఫ్‌ఎం ఉండనే ఉంది.

ఆరో దశ: శబ్దం చెవిదాకా

హ్యాండిల్ స్పీకరు యాభై వేగం దాకా బాగానే ఉంది. అరవై దాటాక గాలి తప్ప ఏదీ వినబడదు. వాల్యూం పెంచితే ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బజారంతా మన వార్తలే. పైగా పీఏఎం8403 కూడా స్విచ్చింగ్ రకం యాంపే, వాల్యూంతో పాటు మోతా పెరుగుతోంది. రెండూ తీసేశాను.

హెల్మెట్‌లో ఒకే ఒక్క పలచటి స్పీకరు, ఎడమ చెవికి మాత్రమే. మనల్ని దాటేసేవాళ్ళు కుడివైపు నుంచి వస్తారు, ఆ చెవి ఖాళీగా ఉండాలి. లారీ హారన్ వినబడని రేడియో నాకొద్దు. రెండు చెవులకీ పెట్టేవాళ్ళకి ఈ డైరీతో పనిలేదు. ఊళ్ళోకి రాగానే జాక్ పీకేస్తాను, పోలీసుతో వాదన ఉండదు.

యాంప్ ఎల్‌ఎం386. దాని కొత్త కష్టం వోల్టేజి. మామూలు రకం 12 వోల్టుల దాకానే నడపాలి, మన బండి 14.3 ఇస్తుంది. మధ్యలో 7809 రెగ్యులేటర్ పెట్టి 9 వోల్టులు ఇచ్చాను.

ఓఎల్‌ఈడీ తెర కూడా మోత పుట్టిస్తోందని దాన్ని ఆపి, వేసి కనిపెట్టొచ్చు: తెర ఆపితే 12 నుంచి 13, వేస్తే మళ్ళీ 12. దాని బదులు పాత నోకియా 5110 తెర వచ్చింది. ఎండలో కూడా అంకెలు కనబడతాయి. అది వెనక డబ్బాలోనే ఉంటుంది, కొలతలకే. నడిపేటప్పుడు తెర చూసే పని లేకుండా హ్యాండిల్ మీద రెండు బటన్లు, ముందు స్టేషన్, వెనక స్టేషన్. మెమరీలో ఐదు స్టేషన్లు. ఇన్ని మార్పుల తర్వాత 837: 14. ఇంజను ఆపి విడి బ్యాటరీ మీద వచ్చిన 17తో పోల్చి చూసుకోండి.

జాక్ తీగ విషయం: బండి దిగి హెల్మెట్‌తో నడిచిపోతే తీగ లాగుతుంది. జాయింటు హ్యాండిల్ దగ్గర కాకుండా నడుము దగ్గర ఉండేట్టు పెట్టండి. లాగినా నేరుగా ఊడి వస్తుంది, సాకెట్ విరగదు.

ఖర్చు: తెర 240, ఎల్‌ఎం386, 7809 కలిపి 75, హెల్మెట్ స్పీకరు 180, తీగ, జాక్ 110, బటన్లు 70. 675. మొత్తం 2,845.

ఏడో దశ: ఎండ, ఉప్పుగాలి, అదురు

డబ్బా కోసం ఎలక్ట్రీషియన్లు వాడే పీవీసీ జంక్షన్ బాక్సు, రబ్బరు అంచు ఉన్నది. లోపల బోర్డుల్ని గ్లూ గన్‌తో అంటించాను. మే ఎండలో గ్లూ మెత్తబడింది, కందుకూరు దాటేసరికి రిసీవర్ బోర్డు ఊడి తీగల మీద వేలాడుతోంది. రెండు టంకాలు తెగాయి. అన్నీ మళ్ళీ టంకం వేసి, బోర్డుల్ని నైలాన్ స్క్రూల మీద నిలబెట్టి, తీగ మొదళ్ళకి సిలికాన్ పెట్టాను. సిలికాన్ కొనేటప్పుడు మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే వద్దు. ఆరేటప్పుడు దాంట్లోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నదే తేవాలి.

ఎఫ్‌ఎంకి 75 సెంటీమీటర్ల కడ్డీ, 100 మెగాహెర్ట్జ్ అలలో పావు వంతు. దాని మొదట్లోని ఎర్త్ భాగం క్యారియర్ ఇనుముకి గట్టిగా తగలాలి. రంగు గీకి బిగించాను. తుమ్మలపెంట వైపు తిరుగుళ్ళలో ఉప్పుగాలికి ఆ గీకిన చోట తుప్పు, జాక్ సాకెట్‌లో పచ్చగా చిలుము. ఎఫ్‌ఎం 24 నుంచి 15కి పడిపోవడానికి కారణం అదే. గరుకు కాగితంతో రుద్ది, బిగించాక వాజిలిన్ పూశాను. మళ్ళీ 23.

ఖర్చు: బాక్సు 130, సిలికాన్ 120, పైపు 30, కడ్డీ 220. 500. మొత్తం 3,345.

ఇందులో మధ్యలో తీసేసినవి ఓఎల్‌ఈడీ, పీఏఎం, ఎల్‌ఎం2596, హ్యాండిల్ స్పీకరు కలిపి 490. మీరు అవి కొనకుండా మొదలుపెడితే 2,855లో అయిపోతుంది.

ఇంకా కుదరనివి

హైటెన్షన్ లైన్ల కింద బుర్రుమంటుంది, దానికి మన చేతిలో మందు లేదు. ఊళ్ళపాలెం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద వరసగా ఎల్‌ఈడీ దీపాలు వెలిగాక 837 మళ్ళీ 5కి పడుతుంది, పగలు ఆ గొడవ లేదు. రాత్రయితే మీడియం వేవ్ ఆకాశం నుంచి కూడా తిరిగి వస్తుంది. దూరం స్టేషన్లు వచ్చి పక్క నంబర్ల మీద కూర్చుంటాయి, 720 మీద చెన్నై ఒకసారి ఉబుకుతూ ఒకసారి కుంగుతూ ఉంటుంది. కోడ్‌లో ఏఎం ఫిల్టర్‌ని (స్టేషన్ చుట్టూ ఎంత వెడల్పు వినాలో చెప్పేది) 4 కిలోహెర్ట్జ్ నుంచి 2కి తగ్గిస్తే రాత్రి వార్తలకి మేలు, పాటకి గొంతు మూసినట్టుంటుంది. వెనక స్టేషన్ బటన్‌ని నొక్కి పట్టుకుంటే ఫిల్టర్ మారేట్టు రాస్తున్నాను. గుంతల్లో బటన్ తనంతట తనే నొక్కుకోకుండా అర సెకను ఆలస్యం పెట్టాను, అది చాలడం లేదు, 0.8కి పెంచి చూడాలి.